ఆగిన యంత్రానికే పూజ

కంప్యూటర్ గదిలో అటెండరుగా చేరబోయేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఒకటే. ఆ గదిలో మీకు కుళ్ళు పుడుతుంది. ఊడవడం, తుడవడం, తాళం వెయ్యడం వారంలో పట్టుబడతాయి. కుళ్ళును గుమ్మం బయట చెప్పుల పక్కన వదిలి లోపలికి పోవడం మాత్రం అంత తొందరగా రాదు. నాకు రిటైరయ్యేదాకా రాలేదు.

నా పేరు ఓబుళమ్మ. అనంతపురంలో ఒక యూనివర్సిటీలో, ఫిజిక్సు డిపార్టుమెంటులో పనిచేశాను. మాది బెళుగుప్ప దగ్గర పల్లె. మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతికి పోవాల్సిన ఏడాది మా దిక్కు ఎన్నడూ లేనంతగా వానలు పడి వేరుశనగ విరగకాసింది. కాయ పెరికేందుకు కూలీలు చాలక నాయన నన్ను బడి మాన్పించాడు. కరువుకు చదువు పోయినవాళ్ళు మా దిక్కు చాలామంది ఉన్నారు. నా చదువు వానకు పోయింది. తర్వాత మళ్ళీ కరువు వచ్చింది గానీ నాకు బడి రాలేదు. అక్షరాలు మరిచిపోకుండా బస్సు బోర్డులు, గోడల మీది నోటీసులు, పొట్లాలు కట్టిన పేపర్లు చదువుకుంటూ వచ్చాను.

జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు పర్మినెంటు చేశారు అనేవి ఇక్కడ రాయను. అవి ఆఫీసులో అడిగితే చెబుతారు. ఆఫీసులో చెప్పనివి రాస్తాను.

చల్లగాలి ఎవరికి

నాకు మొదట కుళ్ళు పుట్టింది మనిషి మీద కాదు, యంత్రం మీద.

మా శేషు సారు ప్రొఫెసరు. ఢిల్లీకి, హైదరాబాదుకు తిరిగి తిరిగి దాన్ని తెప్పించాడు. నల్ల బీరువాలు వరసగా నిలబెట్టినట్టు ఉంటుంది. ఒక్కో బీరువాలో అరలు అరలుగా పెట్టెలు. ఒక్కో పెట్టె ఒక్కో కంప్యూటరు. అన్నీ కలిసి ఒకే లెక్క చేస్తాయి. దాన్ని చూసుకునే ఆపరేటరు రహమాను. మొదటి రోజే అడిగాను.

"ఏమప్పా రహమానూ, ఇదేనా సూపర్ కంప్యూటరంటే?"

"సూపర్ యాడిదిలే అమ్మా. అది బెంగళూరులో ఉండాది. ఇది దానికి దూరం చుట్టం."

దూరం చుట్టానికే అంత మర్యాద చేశారు. ఎండాకాలంలో మా క్వార్టర్స్‌కు ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసపెట్టుకుని కాచుకునేవాళ్ళం. ఆ గదిలో మాత్రం పగలూ రాత్రీ ఏసీలు తిరుగుతుండాలి. కరెంటు పోతే జనరేటరు మొదట ఆ గదికి, తర్వాత పెద్దాఫీసుకు, చిట్టచివర ఆడపిల్లల హాస్టలుకు. మనుషులకంటే ముందు ఒక ఇనుప బీరువాకు చెమట పట్టకుండా చూడటం నా ఉద్యోగం.

ఏసీ గొట్టంలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా బయట ముళ్ళకంపలో పడిపోయేవి. రెండో రోజే కింద బకెట్టు పెట్టాను. గది తుడిచేందుకు అవే నీళ్ళు, వెనకాల నాటిన కరివేపాకు చెట్టుకు అవే నీళ్ళు. రీసెర్చి చేసే ఒక స్కాలరు చూసి నవ్వాడు. నేను పట్టించుకోలేదు. ఆ బకెట్టు ఒలకబోసినవాడు ఎంత చదువుకున్నవాడైనా నేను సారు అని పిలవలేదు. కొత్తగా చేరేవాళ్ళకు నా సలహా ఏమిటంటే ముందు బకెట్టు పెట్టండి, తర్వాత చీపురు పట్టండి.

టీ కెటిలు

ఆ యంత్రం ఆగితే పోయేది ఏమిటో నాకు తెలిసింది ఒక టీ కెటిలు వల్ల.

స్కాలర్లు యంత్రానికి ఒక లెక్క అప్పజెప్పి వెళ్ళిపోతారు. అది రోజులూ వారాలూ నడుస్తూ ఉంటుంది. వండటానికి పెట్టి పొయ్యి వదిలి ఊరికి పోయినట్టు నాకు అనిపించేది. ఒకసారి ఎవరో పిల్లవాడు, యంత్రానికి కరెంటిచ్చే లైనులోనే కెటిలు పెట్టాడు. టప్‌మని లైను కొట్టేసి బీరువాల దీపాలన్నీ ఆరిపోయాయి. కాసేపటికి పొడుగాటి స్కాలరొకడు వచ్చి చూసి, వరండాలో కూలబడి ఏడ్చాడు. అంత మనిషి అట్లా ఏడుస్తుంటే దగ్గరికి పోయాను.

"ఏమప్పా, ఇంట్లో ఎవరన్నా పోయినారా?"

"లేదమ్మా. లెక్క పోయింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టాల."

"పోతే మళ్ళీ పెట్టుకో. దానికి ఏడుపెందుకు?"

"నువ్వు ఊడ్చినదంతా ఒక్క గాలికి దుమ్ము పడితే నీకెట్లుంటాది?"

"దినామూ పడతాండాది గదప్పా. నా పనే అది."

వాడు ఏడుపు ఆపి నన్ను చూశాడు. నవ్వాడో లేదో గుర్తులేదు. ఆ మధ్యాహ్నం శేషు సారు వచ్చి కెటిలు పెట్టినవాణ్ణి ఏమీ అనలేదు. "నువ్వుండి ఏం చూస్తాన్నావు ఓబుళమ్మా?" అని నన్ను అరిచాడు. శేషు సారు మంచివాడు. మంచివాళ్ళు కూడా కోపాన్ని కిందికే పంపిస్తారు. ఆ సాయంత్రమే ఆ ప్లగ్గుకు రేకు బిగించమని ఎలక్ట్రీషియను వెంటపడి బిగింపించాను. మీరు కూడా అరిచినవాళ్ళతో వాదించకండి, రేకు బిగించండి.

ఏడాదికి ఒక్క రోజు

యంత్రం వచ్చిన మొదటి ఏడాది మహానవమికి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, టెంకాయలు, బూడిద గుమ్మడికాయ పట్టుకొని వెళ్ళాను. ఆయుధ పూజ రోజు మా దిక్కు మడక, కొడవలి, బస్సు, లారీ, పిండిమర అన్నీ ఆగుతాయి. ఆగాకే పూజ.

"దీన్ని ఆపు రహమానూ" అన్నాను.

"ఇది ఆపేది కాదమ్మా. బొట్టు పెట్టి పో."

"దున్నుతాండే మడకకు బొట్టు పెడతారా? ఏడాదంతా పని చేయిస్తాండారు. ఒక్క దినం దానికి విశ్రాంతి వద్దా?"

శేషు సారు విన్నాడు. కాసేపు ఆలోచించి, ఏసీల జల్లెడలు కడగటానికి ఎటూ ఒక రోజు కావాలి, ఆపమని చెప్పాడు. రహమాను ఒక్కో బీరువా ఆపుతూ పోయాడు. యంత్రం హోరు ఆగిపోయాక గదిలో మా ఊపిరి మాకే వినబడింది.

అట్లా ఆచారం పడింది. ఏడాదంతా ఆ గదిలోకి ఎవరు వచ్చినా నేను బయటికి నడవాలి. మహానవమి రోజు మాత్రం నేను ముందు, సార్లు, స్కాలర్లు నా వెనక. శేషు సారు చేతులు కట్టుకొని "ఓబుళమ్మా, ఇప్పుడేం చెయ్యాల?" అని అడిగేవాడు. ముందు చెప్పులు బయట విడవమని చెప్పేదాన్ని. కుంకుమ లోపలికి రాలకుండా తలుపుకే పెట్టాలని రహమాను షరతు. నిమ్మకాయలు బేరమాడి తెచ్చేది కూడా రహమానే. ఎవరూ జారిపడకుండా గుమ్మడికాయ దారి పక్కన కొట్టించేదాన్ని. టెంకాయ చిప్పలు అందరికీ పంచి, పచ్చడికి నాలుగు ఇంటికి తెచ్చుకునేదాన్ని.

ఆ గది ఏడాదిలో ఆ ఒక్క పూట నాది. పని ఎంత చిన్నదైనా ఏడాదికి ఒక పూట మీదని అడిగి పుచ్చుకోండి. ఎవరూ పిలిచి ఇవ్వరు.

కుర్చీ

నా కూతురు పామిడిలో నైటీలు కుడుతుంది. దాని కూతురు హేమ డిగ్రీ నుంచి నా దగ్గరే ఉండి చదువుకుంది. ఎమ్మెస్సీ ఫిజిక్సు సీటు మా యూనివర్సిటీలోనే వచ్చింది. రెండో ఏడాదికి వచ్చేసరికి కంప్యూటర్ల మీద లెక్కలు కట్టే ఫిజిక్సు తీసుకుంది.

ఒక రోజు నేను బకెట్టు పట్టుకొని లోపలికి పోతే, తిరిగే కుర్చీలో మా హేమ కాళ్ళు పైకి ముడుచుకొని కూర్చుని ఉంది. ఆ కుర్చీ నేను తుడవని రోజు లేదు. ఒక్కసారి కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమని కూడా అనలేదు.

"కాళ్ళు దించుమే" అన్నాను.

"ఎవురూ లేరు గదా అవ్వా."

"నేనుండా."

దించింది. నాకు మాత్రం లోపల మండుతూనే ఉంది. మనవరాలు చదువుకుంటే ఏ అవ్వకైనా సంతోషం అంటారు. సంతోషం ఉండింది. దాని పక్కనే కుళ్ళు కూడా ఉండింది. రెండూ ఒకే గిన్నెలో ఉడికాయి.

ఏం చేస్తున్నావని అడిగితే చెప్పేది. అది చెప్పే తీరు బాగుంటుంది, అదీ నాకు కుళ్ళే. మన నేల కింద ఉండే బండలో చీలికల వెంట నీళ్ళు ఎట్లా పాకుతాయో లెక్క కడుతోందట. బండ మొత్తాన్ని ఒక్క కంప్యూటరు లెక్కించలేదు. అందుకని దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో పెట్టెకు కొన్ని ముక్కలు ఇస్తారు. ప్రతి పెట్టె తన ముక్కల అంచుల్లో నీళ్ళు ఎంతున్నాయో పక్క పెట్టెకు చెప్పాలి. అందరూ చెప్పుకున్నాకే ముందుకు ఇంకో అడుగు.

"అంటే కలుపు తీసే వరస మాదిరి" అన్నాను. "ఒకామె వెనకబడితే అందరూ నిలబడాల."

"అదే అవ్వా. మా సారు దానికి గంటసేపు క్లాసు చెప్పినాడు."

నాకు గంట క్లాసు ఎవరు చెబుతారు? శేషు సారు తెర మీద బొమ్మ చూపించి "నువ్వేమంటావు హేమా?" అని దాన్ని అడిగేవాడు. నన్ను అన్నేళ్ళలో "ఫ్యాను ఎవరాపినారు?" అని అడిగాడు గానీ నువ్వేమంటావని ఎన్నడూ అడగలేదు. మహానవమి రోజు తప్ప.

నా ఆఖరి మహానవమి

నేను రిటైరయ్యే ఏడాది దసరాకు ముందు హేమ తన పెద్ద లెక్క యంత్రానికి పెట్టింది. అది పండగ దాటాక గానీ పూర్తి కాదు. సెలవులు ముగిసిన వెంటనే బెంగళూరులో ఇంటర్వ్యూ ఉంది. సూపర్ కంప్యూటర్ ఉన్న పెద్ద సంస్థలో ప్రాజెక్టు చేసే సీటు. ఈ లెక్క ఫలితం చూపిస్తేనే సీటు. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు కలుపుతూనే ఉంది గానీ నోట్లో పెట్టుకోలేదు.

"అవ్వా, ఈ తూరి యంత్రం ఆపకుండా పూజ చేసుకోరాదా?"

"ఆగినాంకనే పూజ. నీకు తెల్సు గదా."

"ఆపితే నా లెక్క పోతాది."

"నడమ నడమ అయినకాడికి లెక్కను దాచిపెడతారంట గదా. రహమాను చెప్పినాడు."

"దాచేది రాసినా. అది తప్పు రాసినా అవ్వా. దాచిన కాడి నుంచి మళ్ళీ నడిపితే నీళ్ళు తప్పు దారిలో పోతాండాయి. ఇప్పుడు ఆపితే మొదటి నుంచే."

"నువ్వు తప్పు రాస్తే నా పూజ పోవాల్నా?"

"తిరిగే చక్రమా ఇది, ఆపేకి? లోపల కరెంటు పోతాంటాది, అంతే."

"నీ లెక్కకైతే యంత్రం. నా పూజకైతే వట్టి కరెంటు."

"నువ్వు రిటైరయితాండావని గదా ఇంత పంతం."

"నా ఆఖరి పూజ. పంతం కాకుంటే ఏముంటాది? నీకు ఏడాదంతా ఆ గది ఉండాది. నాకు ఒక పూట. అదీ నీకే కావల్లా? అన్నం తిను. మెతుకు మిగిలితే ఊరుకోను."

తిని, కంచం కడిగి పడుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు.

మర్నాడు శేషు సారు పిలిచాడు. హేమ ముందే అడిగినట్టుంది. "ఆచారం నువ్వు పెట్టినది ఓబుళమ్మా. ఆపాల్నా వద్దా నువ్వే చెప్పు. మీరిద్దరూ ఒకే ఇంటోళ్ళు, నన్ను నడమ పెట్టొద్దండి" అన్నాడు. నిర్ణయం కష్టమైనప్పుడే పైవాళ్ళకు కిందివాళ్ళ మీద గౌరవం పుడుతుంది. అయినా ఆ గదిని ఆపడమూ నడపడమూ నా నోటి మాట మీద ఉండటం అదే మొదటిసారి. మంచినీళ్ళు తాగినంత సుఖంగా ఉండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఇంకో మాట కూడా చెబుతాను. సీటు రాకపోతే హేమ ఇంకో ఏడాది నా ఇంట్లోనే ఉంటుంది. ఆ ఆలోచన కూడా వచ్చింది, వచ్చి కాసేపు కూర్చుంది.

పండగ ముందు రోజు పొద్దున ఏసీ బకెట్టు తియ్యడానికి పోయాను. అంచుల దాకా నిండి ఉంది. రోజూ అట్లాగే నిండుతోంది. కరివేపాకు చెట్టుకు పోస్తూ అనుకున్నాను, ఈ లెక్క మొదలైనప్పటి నుంచి ఎంత కరెంటు తగలబడి ఉంటుంది, ఎన్నిసార్లు జనరేటరు తిరిగి ఉంటుంది, ఎంత చల్లదనం ఆ గదిలో పోశారు. రేపు ఆపితే అదంతా ముళ్ళకంపలో పోసినట్టే. కంచంలో నాలుగు మెతుకులు వదిలితే ఊరుకోనిదాన్ని, ఇంత వంటను పొయ్యి మీద నుంచి దించి పారబొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

నేరుగా రహమాను దగ్గరికి పోయాను.

"రేపు ఆపొద్దు."

"మరి పూజ?"

"ఆగందానికి పూజ లేదు."

"ఊరికే తలుపుకు రొంత కుంకుమ పెట్టమ్మా. నిమ్మకాయలు తెచ్చినా. నీ ఆఖరి సంవత్సరం."

"అట్ల పెట్టేదాన్నయితే ఇన్నేండ్లు మీతో ఎందుకాపిస్తా? నిమ్మకాయలు ఇటియ్యి. ఊరగాయ పెడతా."

ఆ మాట హేమకు రహమానే చెప్పాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"నా కోసమే గదా అవ్వా?"

"నీ కోసం కాదు. కరెంటు వృథా అయితాదని."

"సరే. కరెంటు కోసమే" అని నవ్వి, నా పక్కన కూర్చుని నిమ్మకాయలు కోసింది. ముక్కలు పెద్దవి కోసిందని తిట్టాను.

మహానవమి రోజు నేను డ్యూటీకి పోలేదు. ఇంట్లో కత్తిపీటకు, రోలుకు బొట్టు పెట్టాను. రోలు దగ్గర చేతులు కట్టుకొని ఇప్పుడేం చెయ్యాలని అడిగే సారు ఎవరూ లేరు.

లెక్క పూర్తయింది. హేమ నాకు తెర మీద చూపించింది. బూడిదరంగు బండలో నీలం గీతలు చీలుకుంటూ పోతున్నాయి.

"ఈ నీళ్ళు యాడుండాయి?"

"యాడా లేవు అవ్వా. ఇట్లాంటి బండలో ఉంటే ఎట్ల పోతాయో చెప్తాది, అంతే."

"ఇంత కరెంటు తిని యాడా లేవని చెప్పినావా?"

అది పడీ పడీ నవ్వింది. సీటు వచ్చింది. నేను రిటైరైన రోజు శాలువా కప్పారు. శాలువా బాగుంది, చలి లేని ఊళ్ళో దాన్నేం చేసుకోవాలో తెలియక పెట్టెలో పెట్టాను.

మరుసటి మహానవమి

ప్రాజెక్టు అయ్యాక హేమ బెంగళూరులోనే రీసెర్చిలో చేరింది. మరుసటి ఏడాది మహానవమి సాయంత్రం ఫోను చేసింది.

"ఈడి యంత్రం మన గదులు పదింటిలో కూడా పట్టదు అవ్వా. దీన్ని పండగకు ఆపరు."

"తెల్సు. పెద్దోళ్ళకు సెలవుండదు."

"అయినా పూజ చేసినా."

"నడస్తాండే దానికా?"

"కాదు. ఇన్ని పెట్టెల్లో ఒకటి పాడయింది. బాగుచేసేకి ఆపి, తీసి బల్ల మీద పెట్టినారు. దానికి చేసినా. ఆగినదానికే గదా పూజ? మిగిలినవి వాటి పాటికి నడస్తాండాయి."

మా గదిలో కూడా ఎప్పుడూ ఏదో ఒక పెట్టె పాడై రహమాను బల్ల మీద ఉండేది. వారం వారం దాని దుమ్ము తుడిచింది నేనే. అన్ని మహానవములు గడిచాయి, ఆ ఉపాయం నాకు తోచలేదు. శేషు సారుకు తోచలేదు, రహమానుకు తోచలేదు. వాళ్ళకు తోచకపోతే పోనీ. నాకు తోచనిది దీనికి తోచింది. అప్పుడే తోచి ఉంటే ఆ ఏడాది దాని లెక్కా నడిచేది, నా ఆఖరి పూజా నడిచేది. నేను ఊరికే పోగొట్టుకున్నాను.

"ఎవరెవరు నిలబడినారు?" అని అడిగాను.

"అందరూ. మా మేడమ్ కూడా. ఇప్పుడేం చెయ్యాలని నన్నే అడిగినారు అవ్వా."

"నువ్వేం చెప్పినావు?"

"నువ్వు చెప్పేదే. ముందు చెప్పులు బయట విడవమన్నా."

ఆ ఒక్క మాట నాదిగా ఉండేది. అదీ ఇప్పుడు దాని నోట్లో, బెంగళూరులో, నాకంటే పెద్ద గదిలో ఉంది. కడుపులో మండింది. ఇంకేం మిగిలిందా అని వెతుక్కున్నాను.

"టెంకాయ చిప్పలు ఏం చేసినావు?"

"అందరికీ పంచేసినా."

"పచ్చడికి రొన్ని తెచ్చుకోలేదామే?"

"మర్చిపోయినా అవ్వా."

నాకు కడుపు కొంచెం చల్లబడింది. చిప్ప నుంచి కొబ్బరి విరగకుండా ఎట్లా తియ్యాలో, ఎన్ని ఎండుమిరపకాయలు వెయ్యాలో, మిగిలింది చెడకుండా ఎట్లా పెట్టుకోవాలో నిదానంగా చెప్పాను. అడ్డం రాకుండా వింది. చివర్లో "ఇంగోసారి చెప్పవ్వా, రాసుకుంటా" అంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.